అరుగు బండ మీదికి ఎండకూ వానకూ ఆగే మెత్తలు ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా

మా ఇంటి ముందు అరుగు కడప బండది. నల్లగా నున్నగా ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం దాని మీద కూర్చున్నవాళ్ళు వెంటనే లేస్తారు. రాత్రి ఏడైనా ఆ బండ వేడి కక్కుతూనే ఉంటుంది. అందుకని మెత్తలు కుట్టుకున్నాను. మొదటిసారి కుట్టినవి రెండు ఎండాకాలాలకే పాడయ్యాయి. రెండోసారి కుట్టినవి ఇప్పటికీ ఉన్నాయి. వచ్చినవాళ్ళందరూ ఎలా కుట్టావని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి నోటితో చెప్తే సగం మర్చిపోతున్నారు కాబట్టి మొత్తం వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. బయట వేసే మెత్త వాన వల్ల చెడిపోతుందని అందరూ అనుకుంటారు. లోపలికి వెళ్ళిన నీళ్ళు బయటికి రాకపోవడం వల్లే అది చెడిపోతుంది. దాని తర్వాతి శత్రువు ఎండ. మన కర్నూలు, అనంతపురం, కడపల్లో వాన పడేది కొన్ని రోజులే, ఎండ మాత్రం ఏడాదంతా ఉంటుంది. నీళ్ళు లోపలికి పోకుండా ఆపాలని తంటాలు పడే బదులు, పోయిన నీళ్ళు బయటికి వచ్చే దారి పెట్టండి. ఈ పద్ధతంతా దాని మీదే నడుస్తుంది.

## 1. మెత్త ఎక్కడ ఉండబోతోంది?

సామాను కొనక ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి. మిగతావన్నీ దీన్ని బట్టే ఉంటాయి.

పూర్తిగా కప్పు కింద: వరండా లోపల, ఉయ్యాల బల్ల మీద. తడి భయం లేదు. మామూలు సోఫా ఫోమ్, మందపాటి గుడ్డ సరిపోతాయి.

జల్లు కొట్టే చోటు: వీధి అరుగు, సన్‌షేడ్ కింద బండ. పొద్దున ఎండ నేరుగా పడుతుంది, గాలివాన వస్తే తడుస్తుంది. మన ఇళ్ళలో ఎక్కువ భాగం ఇదే. కింద నేను చెప్పే కొలతలు దీనికే.

పూర్తిగా ఆరుబయట: మిద్దె మీద, చెట్టు కింద బల్ల మీద, పడవలో కూర్చునే చోట. ఇక్కడ సోఫా ఫోమ్ పనికిరాదు.

## 2. సామాను ఎంచుకోవడం

పని సగం ఇక్కడే తేలిపోతుంది. కుట్టు వంకరైతే విప్పి మళ్ళీ కుట్టొచ్చు, ఫోమ్ తప్పుగా కొంటే డబ్బులు పోయినట్టే.

ఫోమ్. అంగట్లో దొరికే సోఫా ఫోమ్ స్పాంజి లాంటిది. దాని గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, నీళ్ళు పట్టుకుంటుంది. రెండో రకం మూసుకున్న గదుల ఫోమ్. ఈవా షీట్, ప్యాకింగులో వాడే తెల్లటి ఈపీఈ షీట్ ఈ జాతివి. ఇవి నీళ్ళు తాగవు, నీటి మీద తేలతాయి. కాకపోతే గట్టిగా ఉంటాయి.

తేడా కనిపెట్టే ఉపాయం నాకు ఒక ఆటో సీట్లు కుట్టే ఆయన చూపించాడు. చిన్న ముక్క నోటికి ఆనించి, "ఊది చూడు క్కా, గాలి అవతలికి పోతే నీళ్ళూ పోతాయి" అన్నాడు. ఊదాను. సోఫా ఫోమ్ ముక్కకు అవతల పెట్టిన వేలికి గాలి తగిలింది. ఈవా ముక్కను బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదినా ఏమీ తగల్లేదు. కొనేటప్పుడు మీరూ అలాగే చూడండి, అంగడివాళ్ళు ఏమీ అనుకోరు.

జల్లు కొట్టే అరుగుకు 40 డెన్సిటీ సోఫా ఫోమ్, 2 అంగుళాల మందం తీసుకోండి. డెన్సిటీ తక్కువది కొంటే ఏడాదికే కూర్చున్నచోట గుంట పడుతుంది, ఆ గుంటలో నీళ్ళు నిలుస్తాయి. పూర్తిగా ఆరుబయటికైతే ఒకటిన్నర అంగుళం మూసుకున్న గదుల ఫోమ్ వేయండి. పడవలో వేసుకునేవాళ్ళు కూడా ఇదే. అయితే మెత్త తేలుతుంది కదా అని లైఫ్ జాకెట్ వదిలేయకండి.

పాత పరుపులోని దూది బయట వాడొద్దు. ఒక్కసారి తడిసిందంటే ముద్ద కట్టి ముక్క వాసన వస్తుంది.

గుడ్డ. అన్నిటికంటే మంచిది దారం తీయకముందే రంగు కలిపి చేసిన అక్రిలిక్ గుడ్డ. సన్‌బ్రెల్లా లాంటివి ఆ రకమే. పసుపు కొమ్ము ఎక్కడ విరిచినా పసుపే కనిపించినట్టు, ఆ దారంలో రంగు లోపలి దాకా ఉంటుంది, అందుకే ఎండకు త్వరగా వెలవదు. మన ఊళ్ళ అంగళ్ళలో కనపడటం కష్టం, తెప్పించుకోవాలి, ధర కూడా ఎక్కువే.

నేను వాడింది స్కూలు బ్యాగులు కుట్టే 600 డెనియర్ (దారం మందం లెక్క) పాలిస్టర్ గుడ్డ. వెనక సన్నటి పూత ఉంటుంది. ఆ పూత వైపు లోపలికి రావాలి. అందరికీ దొరికేది, ఇంటి మిషన్ మీద కుట్టగలిగేది ఇదే.

రెగ్జిన్ వద్దంటాను. తుడవడం సులువే కానీ మన ఎండలో పెనంలా కాలుతుంది, చెమటకు తొడలకు అతుక్కుంటుంది. కాటన్ కాన్వాస్ కూర్చోవడానికి హాయిగా ఉంటుంది కానీ తడి ఆరకపోతే నల్ల మచ్చలు పడతాయి. అదే కావాలంటే ముందు నానబెట్టి ఉతికి ఆరేసి, ఆ తర్వాతే కోయండి. కోశాక ఉతికితే కుంచించుకుపోతుంది.

రంగు విషయం. ముదురు రంగు వేడెక్కుతుంది, తెల్లది మాసిపోతుంది. నా లెక్కేమిటంటే, మీ వీధి దుమ్ము ఏ రంగుదో ఆ రంగుకు దగ్గరగా కొనండి. ఎర్రమట్టి ఊళ్ళలో ఇటుక రంగు, నల్లరేగడి ఊళ్ళలో బూడిద రంగు. ఓపిక ఉంటే జానెడు ముక్క ముందే తెచ్చుకుని, సగం మీద ఇటుక పెట్టి నెల రోజులు మిద్దె మీద ఎండలో ఉంచండి. ఇటుక తీశాక రెండు సగాలకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ గుడ్డ కొనకండి.

దారం. నా మొదటి మెత్తలు పాడైంది ఇక్కడే. గుడ్డ బాగుంది, ఫోమ్ బాగుంది, కుట్టింది మాత్రం ఇంట్లో ఉన్న నూలు దారంతో. రెండో ఎండాకాలం చివర్లో మా అత్తమ్మ కూర్చుంటే ఒక పక్క మొత్తం చిరుగు శబ్దం కూడా లేకుండా విచ్చుకుంది. దారం వేలితో లాగితే పొడిలా రాలింది. ఆటో సీట్ల ఆయనకు చూపిస్తే, "ఎండకు నూలు దారం ఏంటికి వేసినావు క్కా, జాకెట్టు కుట్టినావా?" అన్నాడు.

కాబట్టి పాలిస్టర్ దారమే కొనండి. జాకెట్లకు వాడే సన్నటిది కాకుండా, సీట్లకు, బ్యాగులకు వాడే మందపు దారం అడగండి. నైలాన్ బలంగా ఉంటుంది కానీ ఎండకు పాలిస్టర్ కంటే త్వరగా నీరసిస్తుంది. నూలో పాలిస్టరో అనుమానం వస్తే కొస వెలిగించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది.

చైను. జిప్పును మన టైలర్లు చైను అంటారు. మీటర్ల లెక్కన దొరికే 5వ నంబరు ప్లాస్టిక్ చైను, విడిగా రన్నర్లు (చైను మీద జరుగుతూ దాన్ని తెరిచి మూసే బిళ్ళలు) తీసుకోండి. ఇనుప చైను తుప్పు పడుతుంది. ఎండలో ఉన్నప్పుడు పిల్లల కాలికి తగిలితే చురుక్కుమంటుంది.

అడుగు జాలీ. స్కూలు బ్యాగుల పక్కజేబులకు వాడే పాలిస్టర్ జాలీ. నీళ్ళు బయటికి పోయే దారి ఇదే. కిటికీలకు కొట్టే ఫైబర్ దోమతెర వాడకండి, కోసిన అంచు చేతికి గుచ్చుకుంటుంది, కుట్టు దగ్గర విరుగుతుంది.

రెండు మెత్తలకు కొనాల్సినవి:

- 54 అంగుళాల పన్నా గుడ్డ 2 మీటర్లు
- జాలీ 1 మీటరు
- 2 అంగుళాల ఫోమ్, ఒక్కోటి 30 × 18 అంగుళాలు, రెండు
- 5వ నంబరు చైను 2 మీటర్లు, రన్నర్లు 3 (ఒకటి పోతుంది, నమ్మండి)
- మందపు పాలిస్టర్ దారం ఒక రీలు
- పైపింగులోకి (అంచు వెంబడి వేసే, లోపల తాడు ఉన్న పట్టీ) 4 మి.మీ. నైలాన్ లేదా ప్లాస్టిక్ తాడు 5 మీటర్లు
- 16, 18 నంబరు సూదులు
- ఒక అంగుళం వెడల్పు నైలాన్ నవారు 4 మీటర్లు, వెల్క్రో
- సుద్దముక్క, బట్టలారేసే క్లిప్పులు ఓ పాతిక

## 3. కొలతలు

మా అరుగు బండ 60 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు. అంత పొడవుకు ఒకటే మెత్త కుట్టొద్దు, ఎత్తడం కష్టం, ఆరడం కష్టం. రెండు చేయండి.

కుట్టడం అయ్యాక ఒక్కో మెత్త 29½ × 17½ × 2 అంగుళాలు రావాలి. బండ అంచు కంటే అర అంగుళం లోపలికి ఉంటే, చూరు నీళ్ళు బండ మీది నుంచి జారిపోతాయి, మెత్తకు ఎక్కవు. చుట్టూ కుట్టు మార్జిన్ అర అంగుళం. ఒక్కో మెత్తకు కోయాల్సిన ముక్కలు ఇవి:

- పై గుడ్డ: 30½ × 18½
- అడుగు జాలీ: 30½ × 18½
- చైను పట్టీలు రెండు: ఒక్కోటి 36½ × 2¼
- పక్కపట్టీ: 62 × 3
- పైపింగు పట్టీ: ఐమూలగా కోసిన ఒకటిన్నర అంగుళం వెడల్పు ముక్కలు, అన్నీ అతికితే 100 అంగుళాలు రావాలి

చైను పట్టీ 36½ ఎందుకంటే, వెనక వైపు 29½ పోను రెండు మూలలూ తిరిగి చెరో 3 అంగుళాలు పక్కలకు వస్తుంది. చైను మూల దాటి తెరుచుకోకపోతే ఫోమ్ లోపలికి వెళ్ళదు. వెనక వైపు మాత్రమే చైను పెట్టి, ఫోమ్ ఎక్కించలేక చివరికి కుట్టు విప్పుకున్నవాళ్ళను చూశాను.

పక్కపట్టీకి లెక్క ప్రకారం 59½ చాలు. అయినా 62 కోయండి, మిగిలింది చివర్లో కత్తిరిద్దాం.

మీ బండ కొలత వేరైతే లెక్క ఇది. పొడవు, వెడల్పు కూడి రెట్టింపు చేస్తే చుట్టుకొలత. అందులోంచి చైను పట్టీ తయారైన పొడవు తీసేస్తే పక్కపట్టీ వస్తుంది. దానికి మార్జిన్ 1 అంగుళం, భద్రతకు ఇంకో రెండున్నర కలపండి.

## 4. కోయడం

గుడ్డను నేల మీద పరిచి ముక్కలన్నీ సుద్దతో గీసుకున్నాకే కత్తెర పట్టండి. 2 మీటర్ల గుడ్డలో ఇలా సర్దుకోవచ్చు. ఒక అంచు వెంబడి 17 అంగుళాల వెడల్పు భాగం నిలువునా వదిలి, అందులో పొడవాటి పట్టీలన్నీ గీయండి. రెండు పక్కపట్టీలు, నాలుగు చైను పట్టీలు అందులో సరిపోతాయి. పట్టీలు నిలువునా కోస్తే 62 అంగుళాలు అతుకు లేకుండా వస్తాయి. అడ్డంగా కోస్తే పన్నా 54 కాబట్టి అతుకు తప్పదు.

మిగిలిన 37 అంగుళాల వెడల్పులో రెండు పై గుడ్డలు పక్కపక్కన. మిగిలిన దాంట్లో పైపింగు పట్టీలు ఐమూలగా. ఐమూల కోత వద్దనుకుని నిలువుగా కోస్తే మూలల దగ్గర పైపింగు ముడతలు పడుతుంది. గుడ్డ మిగలాలని కక్కుర్తి పడకండి.

పై గుడ్డకు, జాలీకి నాలుగు మూలలూ గుండ్రం చేయండి. స్టీలు గ్లాసు బోర్లించి గీస్తే చాలు. సూటి మూలలు కుడితే మెత్త మూలలు కొమ్ముల్లా పొడుచుకొస్తాయి. గుండ్రం చేశాక చుట్టుకొలత దాదాపు 2 అంగుళాలు తగ్గుతుంది. పక్కపట్టీ ముందే కచ్చితంగా కోయొద్దని చెప్పింది ఇందుకే.

పాలిస్టర్ గుడ్డ అంచులు పోగులు ఊడతాయి. కొవ్వొత్తి మంటను అంచు పక్కనుంచి వేగంగా పోనివ్వండి, తాకించొద్దు. పిల్లల్ని దూరంగా ఉంచి, పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుని చేయండి.

ఫోమ్ 30 × 18 అంటే కవరు కంటే అర అంగుళం పెద్దది. కవరు బిగుతుగా నిండటానికి అలా. మూసుకున్న గదుల ఫోమ్ అయితే అణగదు కాబట్టి 29½ × 17½ కచ్చితంగా కోయించండి. దాని మూలలు కూడా అదే గ్లాసుతో గుండ్రం చేయాలి. ఇంట్లో కోసేటట్టయితే పొడవాటి కట్టర్ బ్లేడు నిలువుగా పట్టుకుని, నొక్కకుండా, మూడు నాలుగు సార్లు లాగండి. నొక్కి ఒకేసారి కోస్తే కింది అంచు లోపలికి పోతుంది.

## 5. మిషన్‌ను సిద్ధం చేయడం

పాత తొక్కుడు మిషన్ ఉంటే దాని దుమ్ము దులపండి. ఇలాంటి పనికి కొత్త ప్లాస్టిక్ మిషన్ల కంటే అదే నయం, నాలుగైదు పొరలు అలవోకగా దాటుతుంది.

- కొత్త సూది వేయండి. మందపు దారానికి 18, కాస్త సన్నదైతే 16.
- బాబిన్‌లో కూడా అదే పాలిస్టర్ దారం.
- కుట్టు పొడవు 4 మి.మీ., అంటే అంగుళానికి ఆరు కుట్లు. దగ్గరగా కుడితే గుడ్డకు స్టాంపు చిల్లుల్లా పడి అక్కడే చిరుగుతుంది.
- గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదం ఒత్తిడి ఒక మెట్టు పెంచండి.

మిగిలిన ముక్కలు నాలుగు పొరలు వేసి, మధ్యలో తాడు పెట్టి ఒక జానెడు కుట్టి చూడండి. అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే పై దారం టెన్షన్ పెంచాలి. బాబిన్ దారం పైకి కనిపిస్తే తగ్గించాలి. ఒకసారి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పొద్దు. మిషన్ టెన్షన్ సరి చేయకుండా మొదలుపెడితే అది మనకు పట్టుకుంటుంది.

పూత ఉన్న గుడ్డకు గుండుసూదులు గుచ్చొద్దు, ఆ చిల్లులు పూడవు. బట్టల క్లిప్పులు పెట్టండి. పూత వైపు పాదం కింద అతుక్కుని కదలకపోతే కాస్త పౌడరు చల్లండి.

## 6. చైను పట్టీ

మొదట చేయాల్సింది ఇదే. కష్టమైన పని ఓపిక ఉన్నప్పుడే అయిపోతుంది.

చైను పట్టీ ఒక్కోదాని ఒక పొడవాటి అంచును ముప్పావు అంగుళం లోపలికి మడిచి, గోటితో గట్టిగా గీయండి. ఈ గుడ్డకు ఇస్త్రీ వేడి పెడితే కరుగుతుంది.

చైను 36½ అంగుళాలు కోసి, మూసి ఉంచి, దాని మీద రెండు మడత అంచులూ ఎదురెదురుగా తెచ్చి ఆనించండి. మధ్యలో పళ్ళు కనపడకూడదు. ఎండ పళ్ళ మీద పడకుండా ఈ అంచులే గొడుగు. క్లిప్పులు పెట్టి, మిషన్‌కు సన్నటి ఒంటి పాదం (చైను పక్కనే కుట్టడానికి ఒకే వైపు ఉండే పాదం) వేసి, మడతకు పావు అంగుళం దూరంలో రెండు వైపులా కుట్టండి. తర్వాత చైను మధ్యలో ఉండేలా చూసుకుంటూ మొత్తం వెడల్పు 3 అంగుళాలకు సరిచేసి కత్తిరించండి.

రన్నర్ ఎక్కించడం చాలామందిని ఏడిపిస్తుంది. దానికి తినే ఫోర్కు కావాలి. ఫోర్కును నిలబెట్టి పట్టుకుని, రన్నర్‌కు రెండు దారులున్న వైపు ఫోర్కు పళ్ళకు గుచ్చండి. ఇప్పుడు రన్నర్ కదలదు. చైను కొస రెండు భాగాలనూ విడదీసి, మీ వైపున్న రంధ్రంలోంచి చెరో దారిలోకి సమానంగా తోసి, అవతల కొసలు పట్టుకుని లాగండి. ఒకటి ముందు, ఒకటి వెనక ఎక్కితే చైను ఒక పక్కకు పొంగుతుంది, తీసి మళ్ళీ ఎక్కించాలి. ఎక్కాక రెండు కొసల దగ్గరా చైనుకు అడ్డంగా నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ కుట్టండి. ఇది మర్చిపోతే రన్నర్ ఊడి చేతికి వస్తుంది. మూడో రన్నర్ కొనమన్నది అందుకే.

## 7. పైపింగు

వద్దనుకుంటే దాటేయొచ్చు. కానీ ఎక్కువగా అరిగేది అంచే కాబట్టి నేను వేస్తాను. పై గుడ్డకు వేస్తే చాలు, అడుగున అక్కర్లేదు.

పట్టీలు అతికి, మధ్యలో తాడు పెట్టి మడిచి, ఒంటి పాదంతో తాడు పక్కనే కుట్టండి. నూలు తాడు వాడితే వత్తిలా నీళ్ళు పీల్చి అంచంతా తడిగా ఉంచుతుంది. తయారైన పైపింగును పై గుడ్డ మంచి వైపు, అంచులు కలిపి పెట్టి, వెనక వైపు మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టండి. మూల దగ్గర పైపింగు మార్జిన్‌కు మూడు చిన్న గాట్లు పెడితే అది చక్కగా తిరుగుతుంది. కొసలు కలిసేచోట లోపలి తాడు మాత్రం ఎదురెదురుగా కత్తిరించి, గుడ్డ ఒకదానిలో ఒకటి మడిచి కుట్టండి.

## 8. పెట్టెలా కలపడం

ఇక్కడ వరస తప్పితే మొత్తం విప్పుకోవాలి, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ముందు చైను పట్టీ ఒక కొసను, పక్కపట్టీ ఒక కొసను మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి కలపండి. రెండో కొస ఇప్పుడే కలపొద్దు.

చైను పట్టీ మధ్య భాగాన్ని పై గుడ్డ వెనక అంచు మధ్యకు తెచ్చి క్లిప్పు పెట్టండి. అక్కడినుంచి రెండు వైపులా చుట్టూ క్లిప్పులు పెట్టుకుంటూ రండి. పక్కపట్టీ, చైను పట్టీ రెండో కొసలు ఎక్కడ కలుస్తాయో అక్కడ సుద్దతో గీసి, మార్జిన్ వదిలి మిగతాది కత్తిరించి, అప్పుడు కలపండి. కొలత లెక్కలో అటూ ఇటూ అయినా ఈ పద్ధతిలో పట్టీ ఎప్పుడూ సరిపోతుంది.

మూలల దగ్గర పక్కపట్టీ మార్జిన్‌కు దగ్గర దగ్గరగా ఐదారు గాట్లు పెట్టండి, కుట్టు గీత దాకా పోనివ్వొద్దు. మూలలో మిషన్ తొక్కడం ఆపి, చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కో కుట్టే వేయండి. సూది విరిగేది ఇక్కడే.

పై గుడ్డ చుట్టూ అయ్యాక, అడుగు జాలీ కలపక ముందు ఒక పని ఉంది. పై గుడ్డ ఒక్కో మూల మధ్య నుంచి పక్కపట్టీ మీదుగా నిటారుగా కింది అంచు దాకా సుద్దతో గీయండి. జాలీ నాలుగు మూలల మధ్యలు ఈ నాలుగు గీతలకు సరిగ్గా కలవాలి. ఈ గీతలు గీయకుండా కుట్టేస్తే, కుట్టేటప్పుడు ఏమీ తెలియదు, తిప్పి చూస్తే మెత్త పిండిన బట్టలా మెలితిరిగి ఉంటుంది.

చైను సగం తెరిచారా? లేదా? ఇప్పుడే తెరవండి. మూసి ఉంచి జాలీ కుట్టేస్తే లోపలి వైపు బయట ఉండిపోతుంది, తిప్పడానికి దారి ఉండదు. నాకు ఇది రెండుసార్లు జరిగింది. రెండోసారి రాత్రి పదకొండింటికి.

గాలికి ఎగరకుండా నవారు కట్టేటట్టయితే, 10వ భాగంలో చెప్పిన గుంజెలు ఇప్పుడే మధ్యలో పెట్టుకోండి. జాలీ సాగే గుణం ఉన్నది కాబట్టి దాన్ని కింద, పట్టీని పైన పెట్టి, లాగకుండా కుట్టండి. ఒక రౌండు అయ్యాక మార్జిన్‌లో, మొదటి కుట్టుకు బయటి వైపు పావు అంగుళం వదిలి రెండో రౌండు కుట్టండి. కూర్చున్నప్పుడు బరువంతా ఈ కుట్ల మీదే పడుతుంది.

తిప్పే ముందు చూసుకోండి:

- పైపింగు తాడు పక్క మొదటి కుట్టు గీత ఎక్కడా బయటికి కనపడకూడదు
- మూలల్లో గుడ్డ మడత కుట్టులో చిక్కుకోలేదు కదా
- రన్నర్ రెండు కొసల దగ్గరా ఆగుతోందా
- వేలాడే దారాలన్నీ కత్తిరించారా

## 9. ఫోమ్ ఎక్కించడం

ఫోమ్ గుడ్డకు రాసుకుని కదలదు. చీరల అంగడి పెద్ద కవరో, పరుపు కవరు ముక్కో ఫోమ్‌కు చుట్టండి. ఫోమ్‌ను సగానికి మడిచి, మడత వైపు ముందుగా చైను లోపలికి తోసి, అవతలి అంచు దాకా వెళ్ళాక తెరుచుకోనివ్వండి. రెండు ముందు మూలలూ చేత్తో సర్ది, అప్పుడు ప్లాస్టిక్ కవరు మెల్లగా బయటికి లాగేయండి.

లాగేయండి అన్నది గమనించండి. వాటర్‌ప్రూఫ్ అవుతుందని చాలామంది దాన్ని లోపలే ఉంచుతారు. సూది రంధ్రాల్లోంచి, చైనులోంచి నీళ్ళు ఎలాగూ లోపలికి పోతాయి. ప్లాస్టిక్ ఉంటే బయటికి రావు. పైగా కూర్చున్నప్పుడు గాలి బయటికి పోయే దారి లేక మెత్త బుడగలా ఉబ్బుతుంది, కుట్లు తెగుతాయి. జాలీ పెట్టింది గాలికీ నీళ్ళకూ దారి కోసమే.

## 10. గాలికి ఎగరకుండా

ఆషాఢం గాలి సంగతి మనకు కొత్తగా చెప్పాలా? నా మెత్త ఒకటి వీధి చివర కాలవ పక్కన దొరికింది.

బండ కింద ఖాళీ ఉన్న అరుగైతే, నైలాన్ నవారు బండ చుట్టూ తిప్పి వెల్క్రోతో బిగించండి. మెత్త అడుగున రెండు చోట్ల చిన్న నవారు గుంజెలు కుట్టి వాటిలోంచి పోనివ్వాలి. గుంజెలను జాలీ కుట్టేటప్పుడే, జాలీకీ పట్టీకీ మధ్య పెట్టి కుట్టేయండి, తర్వాత కుట్టడం అవదు. మంచాలకు అల్లే నూలు నవారు వద్దు, అది తడికి చివికిపోతుంది.

రాళ్ళు పేర్చి కట్టిన నిండు అరుగైతే నవారు తిప్పే వీలుండదు. కార్పెట్ల కింద జారకుండా వేసే రబ్బరు జాలీ ముక్క పరిచి దాని మీద మెత్త వేయండి. పెద్ద గాలి వచ్చేటట్టుంటే లోపల పెట్టుకోవడమే.

## 11. ఏం తేడా వచ్చింది, ఏం చేయాలి

కుట్లు మధ్య మధ్య తప్పుతున్నాయి. సూది మొద్దుబారింది, లేదా దారానికి సన్నటి సూది వేశారు. మిషన్ విప్పక ముందు సూది మార్చండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు సూదే.

మొదలుపెట్టగానే అడుగున దారం గూడు కట్టింది. పై దారం, బాబిన్ దారం రెండు కొసలూ వెనక్కి పట్టుకుని మొదటి నాలుగు కుట్లు వేయండి.

కవరు వదులుగా, ముడతలుగా ఉంది. ఫోమ్ కవరు కొలతకే కోశారు. సోఫా సామాన్ల అంగట్లో దొరికే పల్చటి పాలిస్టర్ దూది షీటు ఒక చుట్టు చుట్టి మళ్ళీ ఎక్కించండి. ఇది నూలు దూది లాగా నీళ్ళు పట్టుకోదు.

కవరు మరీ బిగుతై చైను పడటం లేదు. చైనును బలవంతం చేయొద్దు. ఫోమ్ తీసి వెనక అంచు మాత్రం పావు అంగుళం కోయండి.

పై భాగం మధ్యలో గుంటపడి నీళ్ళు నిలుస్తున్నాయి. పాత ఫోమ్ కింద అర అంగుళం ఈవా షీటు వేస్తే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు, కానీ ఆ షీటుకు అక్కడక్కడ వేలు పట్టేంత చిల్లులు పెట్టాలి. లేకపోతే జాలీ పెట్టిన ఫలితం పోతుంది.

వాసన వస్తోంది. ఫోమ్ బయటికి తీసి, సబ్బు నీళ్ళలో తొక్కి, మంచినీళ్ళలో రెండుసార్లు తొక్కి, నిలబెట్టి నీడలో గాలికి ఆరేయండి. సోఫా ఫోమ్‌ను కవరు లేకుండా ఎండలో పెడితే పసుపు రంగుకు తిరిగి పొడిపొడిగా రాలుతుంది.

## 12. వాడకం

వాన వెలిశాక మెత్తను చైను వైపు కిందికి వచ్చేలా గోడకు నిలబెట్టండి. పడుకోబెట్టి ఉంచితే రెండు రోజులైనా ఆరనిది, నిలబెడితే మన గాలికి ఎంతో త్వరగా ఆరుతుంది. నీళ్ళు కిందికి దిగి చైనులోంచి కారడం కళ్ళతో చూడొచ్చు.

దుమ్మును వారానికోసారి దులపండి. దుమ్ము మీద తడి పడితే మట్టి మరక, ఆ మట్టే కుట్లను కోస్తుంది. కవరు ఉతకడానికి గోరువెచ్చటి నీళ్ళు, మామూలు సబ్బు చాలు. పక్షుల రెట్ట ఎండకముందే తుడవండి. చైను పట్టేస్తే కొవ్వొత్తి ముక్కతో పళ్ళ మీద రుద్దండి, నూనె వేస్తే దుమ్ము అంటుకుంటుంది.

నెలల తరబడి వాడనప్పుడు లోపల పెట్టేటట్టయితే ఉడతలు, ఎలుకలు చేరని చోటు చూడండి. గూటికి ఫోమ్ పీకుకుపోవడం ఉడతలకు మహా ఇష్టం. మా రెండో మెత్త ఒక మూల ఇప్పటికీ కాస్త బోలుగా ఉంది.

కవరు ఎప్పటికైనా మార్చాలి. పాతది పారేయకుండా కుట్లు విప్పి, ముక్కలు నీళ్ళతో తడిపి బరువు పెట్టి సాపు చేయండి. కొత్త గుడ్డ మీద వాటినే పరిచి గీసుకుంటే టేపు పట్టే పని లేదు.